లిస్బన్‌లో పాత ఊరూ కొత్త ఊరూ మూడు రోజుల్లో ఎలా చూడాలి

పోర్చుగల్ రాజధాని లిస్బన్ వెళ్తున్నాం, ఏం చూడాలి అని ఎవరినైనా అడిగితే ఓ పాతిక పేర్ల లిస్ట్ పంపిస్తారు. ఆ లిస్ట్ పట్టుకుని తిరిగితే మొదటి రోజు సాయంత్రానికే పిక్కలు పట్టేస్తాయి, ఎందుకంటే ఇది కూడా ఏడు కొండల ఊరే, తిరుమల మెట్లు ఎక్కిన అలవాటు ఉన్నవాళ్ళకి కూడా ఇక్కడ ఆయాసం వస్తుంది, మ్యాప్‌లో రెండు వందల మీటర్లే కదా అనిపించేది అక్కడికెళ్ళి చూస్తే నిలువునా మెట్లు. కాబట్టి ఈ ఊళ్ళో పనికొచ్చే పద్ధతి ఒకటే: పైకి బండి మీద వెళ్ళండి, కిందకి నడిచి రండి. మీతో అమ్మానాన్నలు ఉంటే ఇది మరీ ముఖ్యం.

ఇంకో మాట. ఈ ఊరి చరిత్రంతా 1755 నవంబర్ 1 అనే ఒక్క తారీఖు చుట్టూ తిరుగుతుంది. ఆ పొద్దున పెద్ద భూకంపం, దాని వెనకే సునామీ, ఆ తర్వాత రోజుల తరబడి మంటలు. అప్పుడు నిలబడిన పాత ఊరు ఆల్ఫామా, కూలిపోయాక గీత గీసినట్టు మళ్ళీ కట్టిన ఊరు బైషా, మన కళ్ళ ముందే 1998లో కట్టిన కొత్త ఊరు పార్క్ దాస్ నసోయిస్. వీటిని ఈ వరసలో చూస్తే ఎక్కడ నిలబడ్డా ఏం చూస్తున్నామో తెలుస్తుంది, వరస లేకుండా చూస్తే మూడో రోజుకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

1. బయల్దేరే ముందు

ఇండియా నుంచి వెళ్ళేవాళ్ళకి షెంగెన్ వీసా (చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే ఒకే వీసా) కావాలి, ఇది తెలిసిందే. జర్మనీలోనో ఫ్రాన్స్‌లోనో రెసిడెన్స్ పర్మిట్ మీద ఉన్న పిల్లలకి విడిగా వీసా అక్కర్లేదు, ఆ పర్మిట్, పాస్‌పోర్ట్ రెండూ దగ్గరుంటే చాలు. కానీ యూకే, ఐర్లండ్‌లో చదువుకునేవాళ్ళు ఇక్కడ పొరపాటు పడుతుంటారు, ఆ రెండూ షెంగెన్‌లో లేవు, అక్కడి వీసా ఉన్నా దీనికి మళ్ళీ వేరే అప్లై చేసుకోవాల్సిందే. వేసవి అపాయింట్‌మెంట్లు తొందరగా అయిపోతాయి, ముందే పట్టుకోండి.

ఎప్పుడు వెళ్ళాలంటే ఏప్రిల్, మే, లేదంటే సెప్టెంబర్ చివర నుంచి అక్టోబర్. జూలై ఆగస్టుల్లో ఎండ మనకి కొత్త కాదు గానీ జనం విపరీతం. జూన్ 12 రాత్రి సెయింట్ ఆంటోనీ పండగ, ఆ రాత్రి ఆల్ఫామా సందులన్నీ కాల్చిన సార్డిన్ చేపల పొగ, పాటలు, డాన్సులు, అది ఇష్టమైతే పనిగట్టుకుని ఆ తేదీకే వెళ్ళండి, ఇష్టం లేకపోతే ఆ వారం వదిలేయండి.

బూట్ల సంగతి సీరియస్‌గా తీసుకోండి. ఊరంతా ఫుట్‌పాత్‌లు చిన్న చిన్న తెల్ల సున్నపురాళ్ళు, నల్ల రాళ్ళు పేర్చి చేసినవి, వందల ఏళ్ళ నడకకి నున్నగా అరిగిపోయి ఉంటాయి, వాన పడిందంటే నూనె పోసినట్టే. అడుగున రబ్బర్ గ్రిప్ ఉన్న షూసే వేస్కోండి, ఫొటోల కోసం తెచ్చుకున్న నున్నటి చెప్పులు హోటల్లోనే ఉంచండి. ప్లాన్ వేసేటప్పుడు సోమవారం ఏ రోజు పడుతుందో కూడా చూస్కోండి, చాలా మ్యూజియంలు, ఊరి పడమటి చివర బెలేం పేటలోని పెద్ద మఠం సోమవారం మూసేస్తారు.

2. దిగగానే కార్డ్ తీస్కోండి

ఎయిర్‌పోర్ట్ కిందే మెట్రో ఉంది, రెడ్ లైన్ మొదటి స్టేషన్ అదే. మెషీన్ దగ్గర నవెగాంత్ అనే కార్డ్ 50 సెంట్లకి వస్తుంది, దాంట్లో 24 గంటల టికెట్ వేయించుకుంటే మెట్రో, బస్సు, ట్రామ్ అన్నీ ఎక్కొచ్చు, ధర 7 యూరోల చుట్టూ ఉంటుంది. 24 గంటలు లెక్కపెట్టేది మీరు మొదటిసారి గీసినప్పటి నుంచి, అర్ధరాత్రి వరకు కాదు, కాబట్టి మధ్యాహ్నం మొదలెడితే మర్నాడు మధ్యాహ్నం దాకా పనిచేస్తుంది. మనిషికో కార్డ్ ఉండాలి, ఒకే కార్డ్ ఇద్దరూ వాడుకోవడం కుదరదు. ట్రామ్‌లో డ్రైవర్ దగ్గర డబ్బులిచ్చి టికెట్ కొంటే ఒక్కో ప్రయాణానికి ఎక్కువ పడుతుంది. ఊరి మధ్యకి రావాలంటే రెడ్ లైన్‌లో ఆలమేడా దాకా వచ్చి అక్కడ గ్రీన్ లైన్‌కి మారితే రోసియు వచ్చేస్తుంది. హోటల్ ఆల్ఫామా సందుల్లో తీసుకోవద్దనే చెప్తాను, సూట్‌కేస్ ఈడ్చుకుంటూ ఆ మెట్లు ఎక్కడం నరకం, పైగా చక్రాల చప్పుడుకి ఆ ఇళ్ళవాళ్ళకీ నిద్ర ఉండదు. రోసియు, బైషా, అవెనీడా చుట్టుపక్కల సమతలంగా ఉన్న వీధుల్లో చూస్కోండి.

3. మొదటి రోజు పాత ఊరు, పై నుంచి కిందకి

పొద్దున్నే ఎనిమిదింటికల్లా మర్తీం మొనీజ్ అనే చౌక్ దగ్గరికి రండి. పసుపు రంగు ట్రామ్ 28 అక్కడి నుంచే మొదలవుతుంది, 1930ల నాటి చెక్క బెంచీల బండి, ఇరుకు సందుల్లో గోడల్ని రాసుకుంటూ పోతుంది. తొమ్మిది దాటితే క్యూ గంట పైనే. క్యూ పెద్దగా ఉంటే పంతానికి పోకండి, అక్కడి నుంచే 734 నంబర్ బస్సు కూడా ఆ ట్రామ్ వెళ్ళే గ్రాసా అనే కొండ మీదికే వెళ్తుంది, హాయిగా కూర్చుని వెళ్ళొచ్చు. ట్రామ్ ఎక్కాలన్న సరదా ఉంటే ఇంకో రోజు పొద్దున అవతలి చివర కాంపు ద ఊరీక్ నుంచి ఎక్కండి, అక్కడ జనం తక్కువ. ఈ ట్రామ్‌లో జేబుదొంగలు ఎక్కువ, ఫోను, పర్సు ముందు జేబులో, బ్యాగ్ గుండెల మీద. పాస్‌పోర్ట్ హోటల్ లాకర్‌లో పెట్టి దాని ఫొటో ఫోన్‌లో ఉంచుకోండి.

గ్రాసాలో దిగి కాస్త పైకి నడిస్తే సెన్యోర దు మోంత్ అనే వ్యూపాయింట్, ఊళ్ళో ఉన్నవాటిలో బాగా ఎత్తైన వాటిలో ఇదొకటి, టికెట్ లేదు. ఇక్కడ ఒక పది నిమిషాలు నిలబడి దిక్కులు గుర్తుపట్టుకోండి: ఎదురుగా కోట, దాని వెనక తేజూ నది, కుడిపక్క దూరంగా ఎర్ర వేలాడే వంతెన. అది 1966లో కట్టింది, అప్పట్లో నియంత సలజార్ పేరు పెట్టారు, 1974 ఏప్రిల్ 25న సైనికులు ఆ ప్రభుత్వాన్ని పడగొట్టాక పేరు మార్చి ఏప్రిల్ 25 వంతెన చేశారు. ఇకపై దాదాపు అంతా దిగుడే.

సెయింట్ విన్సెంట్ చర్చి వైపు దిగండి. మంగళవారం, శనివారం అయితే దాని వెనక మైదానంలో పాత సామాన్ల సంత ఉంటుంది, పాత పింగాణీ పలకలు (టైల్స్), రికార్డులు, తాళంచెవులు, ఎవరింట్లోవో ఫొటోలు, బేరం ఆడొచ్చు. పక్కనే తెల్లటి గుమ్మటం ఉన్న పాంథియోన్. దీని పని 1682లో మొదలుపెడితే పూర్తయింది 1966లో, అందుకే తెగని పనిని అక్కడివాళ్ళు ఇప్పటికీ 'సాంత ఎంగ్రాసియా పని' అంటారు. ఫాదో అనే ఇక్కడి విషాద పాటల గాయని అమాలియా రోద్రిగ్స్, ఫుట్‌బాల్ ఆటగాడు యుజేబియో ఇద్దరి సమాధులూ ఇందులోనే. ఒక పాటగత్తెనీ ఒక ఆటగాణ్ణీ దేశాధ్యక్షుల పక్కన పెట్టుకున్న ఊరు, నాకు ఆ సంగతి చాలా నచ్చుతుంది.

కోట లోపలికి వెళ్ళాలా వద్దా అనేది చాలామంది అడిగే ప్రశ్న. 1147లో అఫోన్సు హెన్రిక్స్ రాజు ముస్లిం పాలకుల నుంచి గెలుచుకున్న కోట, చరిత్ర పెద్దదే, కానీ ఇప్పుడు కనిపించే గోడల్లో చాలా భాగం 1930ల చివర్లో, 40ల్లో బాగుచేసి లేపినవి. పిల్లలుంటే వెళ్ళండి, గోడల మీద నడవొచ్చు, లోపల నెమళ్ళు తిరుగుతుంటాయి. డబ్బు చూసుకునేవాళ్ళు మానేసినా నష్టపోయేదేం లేదు, వ్యూ ఇందాకే ఫ్రీగా చూశారు.

మానేయకూడనిది సాంత లుజియా చర్చి. పోర్తష్ దు సోల్ వ్యూపాయింట్ దాటగానే వస్తుంది, అందరూ బోగన్‌విల్లా పందిరి కింద నది వైపు తిరిగి ఫొటోలు దిగుతుంటారు, మీరు మాత్రం వెనక్కి తిరిగి చర్చి బయటి గోడ చూడండి. నీలం తెలుపు పలకలతో రెండు పెద్ద బొమ్మలుంటాయి. ఒకటి 1147 కోట ముట్టడి. రెండోది నది ఒడ్డున ఉన్న పెద్ద చౌక్, భూకంపానికి ముందు ఎలా ఉండేదో అది, ఎడమపక్క రాజభవనం, దాని బురుజు, ముందు పడవలు, బండ్లు, చీమల్లా జనం. ఈ బొమ్మని దగ్గర నుంచి ఫొటో తీసి ఉంచుకోండి, సాయంత్రం దీంతో పని ఉంది.

అక్కడి నుంచి ఆల్ఫామా మెట్లలోకి దిగిపోండి. ఇక్కడ గూగుల్ మ్యాప్ చూస్తూ నడవద్దు, అది ఒకే చోట మూడు సందులు చూపిస్తుంది, ఫోన్ మీద చూపుంటే మెట్టు తప్పుతుంది. ఎటు దిగినా చివరికి నది దగ్గరికే వస్తారు, తప్పిపోతామని భయమే అక్కర్లేదు. కింద నేల గట్టిది కావడంతో ఈ పేట 1755లో చాలావరకు నిలబడింది, అందుకే వీధులు ఇంకా అరబ్బుల కాలం నాటి అల్లికలోనే ఉన్నాయి, ఒక్కో చోట రెండు చేతులు చాపితే రెండు గోడలూ తగుల్తాయి. పైన ఆరేసిన బట్టలు, కిటికీలో ముసలమ్మ, గుమ్మంలో చిన్న టేబుల్ వేసుకుని జింజా అనే పుల్లటి చెర్రీ మందు చిన్న గ్లాసుల్లో అమ్మే ఇంకో ముసలమ్మ. ఇవి మనుషులు కాపురం ఉంటున్న ఇళ్ళు, అద్దెలు పెరిగిపోయి పాతవాళ్ళు చాలామంది ఖాళీ చేసి వెళ్ళిపోయిన పేట, మిగిలినవాళ్ళ కిటికీల్లోకి కెమెరా పెట్టకండి, ఎదురైతే ఒక బోం దియా (శుభోదయం) చెప్పండి, మొహం విప్పారుతుంది.

కిందకి చేరాక ఫాదో మ్యూజియం ఉంటుంది. రాత్రి ఫాదో పాట వినాలనుకుంటే ఈ పేటలోనే చిన్న హోటళ్ళున్నాయి, 2011లో యునెస్కో గుర్తింపు ఇచ్చిన సంగీతం ఇది. ఫాదో పాడేటప్పుడు లైట్లు తగ్గిస్తారు, అప్పుడు మాట్లాడకూడదు, ఫోన్ తీయకూడదు, సర్వర్లు కూడా కదలరు. మాట అర్థం కాకపోయినా ఆ గొంతులోని బాధ అర్థమవుతుంది.

నది వెంట సమతలంగా ఓ పావుగంట నడిస్తే ప్రాసా దు కొమెర్సియు, మూడు పక్కలా పసుపు భవనాలు, నాలుగో పక్క నది. ఇప్పుడు ఆ పలకల ఫొటో తీసి చూడండి. మీరు నిలబడ్డది ఆ చౌకే. రాజభవనం లేదు, బురుజు లేదు. చర్చిల్లో దీపాలు పడి ఊరు అంటుకుంటే జనం ప్రాణాలు దక్కుతాయని ఈ ఒడ్డుకే పరిగెత్తుకొచ్చారు, నది వెనక్కి తగ్గి మళ్ళీ గోడలా మీదికొచ్చింది. ఇప్పుడున్నదంతా ఆ తర్వాత కట్టిందే, అందుకే మొదటి రోజు ఇక్కడ ముగించమంటున్నాను. సాయంత్రం వెలుగులో నీళ్ళలోకి దిగే రాతిమెట్ల మీద కూర్చోండి. సన్‌గ్లాసెస్ అమ్మే మనిషి దగ్గరికొచ్చి చెవిలో గంజాయి కావాలా అంటాడు, అది ఎక్కువగా ఏదో ఆకు ఎండబెట్టి చుట్టిన మోసమే, వద్దని చెప్పి నడిచేయండి, గొడవ పెట్టుకోరు.

4. రెండో రోజు పొద్దున బెలేం

బెలేం ఊరికి పడమటి చివర, భూకంపం అంతగా దెబ్బతీయని ఇంకో చోటు. అందరూ 15 నంబర్ ట్రామ్ ఎక్కుతారు, కిక్కిరిసి ఉంటుంది, 728 బస్సు కూడా అటే వెళ్తుంది, అది ఎక్కండి. తొమ్మిదిన్నరకల్లా జెరోనిమోస్ మఠం ముందు ఉండాలి. టికెట్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి, లేకపోతే ఎండలో క్యూ.

భారతీయులకి ఈ మఠం ఊరికే చూసి వచ్చే చోటు కాదు. వాస్కో డ గామా 1498లో కాలికట్ తీరానికి చేరాక, మిరియాలూ దాల్చినచెక్కా వచ్చిన దారిలో వచ్చిన డబ్బు మీద దాదాపు ఇరవయ్యో వంతు పన్ను వేసి ఆ సొమ్ముతో మాన్యుయల్ రాజు దీన్ని కట్టించాడు. రాతి స్తంభాల మీద తాళ్ళు, ముళ్ళు, సముద్రపు మొక్కలు చెక్కి ఉంటాయి, చేత్తో తడిమి చూడాలనిపించేంత పని. లోపల చర్చిలోకి వెళ్ళగానే ఎడమపక్క గామా సమాధి, దాని మీద ఓడ బొమ్మ చూడండి. ఆయన 1524లో కొచ్చిలో చనిపోయాడు, ముందు అక్కడి చర్చిలోనే పాతిపెట్టి తర్వాత ఎముకలు ఇక్కడికి తెచ్చారు. అక్కడ బోర్డులన్నీ ఆయన్ని వీరుడనే చెప్తాయి. 1502లో ఇదే మనిషి మక్కా నుంచి తిరిగొస్తున్న యాత్రికుల ఓడని మలబారు తీరం దగ్గర ఆడవాళ్ళు, పిల్లలతో సహా తగలబెట్టించాడు, ఆ సంగతి తెలిసి చూడండి, మీ పిల్లలకి కూడా చెప్పండి.

బయటికొచ్చి నది వైపు రోడ్డు కింద దారిలో దాటితే 1960లో కట్టిన అన్వేషకుల స్మారకం, దాని ముందు నేల మీద రాళ్ళతో పరిచిన పెద్ద ప్రపంచ పటం, ఏ తీరానికి ఓడలు ఏ సంవత్సరంలో చేరాయో రాసి ఉంటుంది. మన తీరం దగ్గర నిలబడి ఫొటో దిగండి.

బెలేం టవర్ 1510ల్లో కట్టింది, బయట నుంచి చూస్తే చాలు, లోపల మెట్లు ఒక్క మనిషి పట్టేంత ఇరుకు, ఖాళీ గదులు తప్ప ఏం లేవు, మరమ్మతుల కోసం మూసేయడం కూడా ఉంటుంది. కానీ ఒక్కటి వెతకండి. ఒక మూల బురుజు అడుగున అరిగిపోయిన ఖడ్గమృగం తల ఒకటి చెక్కి ఉంటుంది. గుజరాత్ సుల్తాను పంపిన ఖడ్గమృగం గోవా నుంచి ఓడ మీద 1515 మేలో ఇక్కడ దిగింది, రోమన్ల కాలం తర్వాత యూరప్ చూసిన మొదటి ఖడ్గమృగం అదే, జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ దాన్ని కళ్ళతో చూడకుండానే విన్నది బట్టి బొమ్మ గీస్తే ఆ బొమ్మే వందల ఏళ్ళు నడిచింది. ఎండకీ ఉప్పుగాలికీ ముక్కూ మొహం పోయి ముద్దలా మిగిలింది, దాని పక్క నుంచి వందలమంది చూడకుండా వెళ్ళిపోతుంటారు.

తర్వాత పాస్తెయిస్ ద బెలేం, 1837 నుంచి నడుస్తున్న మిఠాయి కొట్టు. బయట కనిపించే పెద్ద క్యూ పార్సిల్‌ది, మీరు లోపలికి వెళ్ళి కూర్చోండి, గది వెనక గది చాలా ఉన్నాయి, చోటు తొందరగానే దొరుకుతుంది. వేడివేడిగా వస్తాయి, పైన దాల్చినచెక్క పొడి, పంచదార పొడి జల్లుకుని తినాలి. గుడ్డు సొన ఉంటుంది, గుడ్డు తినని పెద్దవాళ్ళకి ముందే చెప్పండి.

5. అదే రోజు సాయంత్రం బైషా, షియాడు

మధ్యాహ్నం హోటల్‌కొచ్చి ఓ గంట పడుకుని నాలుగింటికి బయల్దేరండి. భూకంపం తర్వాత మంత్రి పొంబాల్ మార్కీస్ కూలిన మట్టినంతా చదును చేయించి ఈ వీధుల్ని గళ్ళ నోటుబుక్‌లా గీయించాడు, బంగారం పనివాళ్ళకి ఒక వీధి, వెండివాళ్ళకి ఒకటి, చెప్పులు కుట్టేవాళ్ళకి ఒకటి, పేర్లు ఇప్పటికీ అవే. గోడల లోపల చెక్కతో అడ్డదిడ్డంగా కట్టిన పంజరం ఉంటుంది, భూమి ఊగితే ఇల్లు కూడా ఊగి నిలబడాలని. భూకంపాన్ని దృష్టిలో పెట్టుకుని ఒక ఊరి మధ్యభాగాన్నంతా ఒకే పద్ధతిలో కట్టడం యూరప్‌లో అదే తొలిసారి అంటారు. చూడ్డానికి సాదాగా ఉన్న ఈ భవనాల ముందు జనం ఆగరు, ఆగాల్సింది ఇక్కడే.

రోసియు చౌక్‌లో అలల్లా వేసిన నలుపు తెలుపు రాళ్ళ నేల చూసి, పక్కనే సెయింట్ డొమినిక్ చర్చిలోకి వెళ్ళండి, ఫ్రీ. 1959లో లోపల తగలబడింది, స్తంభాలు పగిలి పెచ్చులూడిపోయి ఉంటే అలాగే వదిలేసి పైకప్పు మాత్రం వేశారు. బయట చిన్న స్మారకం ఉంటుంది, 1506లో ఇక్కడ మొదలైన ఊచకోతలో చనిపోయిన యూదుల కోసం.

షియాడు పేట కొండ మీద ఉంది. సాంత జుస్త లిఫ్ట్ 1902 నాటి ఇనుప టవర్, బాగుంటుంది గానీ దాని క్యూలో గంట పోగొట్టుకోకండి. బైషా షియాడు మెట్రో స్టేషన్‌లోకి కింది గేటు నుంచి వెళ్ళి ఎస్కలేటర్లు వరసగా ఎక్కితే టికెట్ గీయకుండానే కొండ పైకి తేలతారు. అక్కడి నుంచి కార్మో చర్చికి నాలుగు అడుగులు. భూకంపంలో పైకప్పు పోయాక మళ్ళీ వేయలేదు, రాతి కమానులు మాత్రం ఆకాశం కింద నిలబడి ఉంటాయి. దాని ముందు చెట్ల చౌక్‌లోనే 1974 ఏప్రిల్ 25న సైన్యం చుట్టుముట్టి ప్రభుత్వాన్ని లొంగదీసుకుంది, తుపాకీ గొట్టాల్లో ఎర్ర కార్నేషన్ పూలు పెట్టిన రోజు. చర్చి పక్క సందులోంచి వెనక్కి వెళ్తే డాబా వస్తుంది, ఆ లిఫ్ట్ పైభాగం, బైషా అంతా అక్కడి నుంచి ఊరికే కనిపిస్తుంది.

కోట వైపు కూడా ఇలాంటి ఫ్రీ లిఫ్ట్‌లే ఉన్నాయి, ఫంకెయిరుస్ వీధిలో ఒకటి, అది దిగి రోడ్డు దాటితే సూపర్‌మార్కెట్ భవనంలో రెండోది. కొండ వాలు మీద ఎక్కి దిగే పాత పట్టాల బండ్లని నమ్ముకుని మాత్రం ప్లాన్ వేయొద్దు. గ్లోరియా వాలు మీద నడిచే బండి 2025 సెప్టెంబర్‌లో పట్టు తప్పి 16 మంది చనిపోయారు, ఆ తర్వాత మిగతా వాటిని కూడా తనిఖీల కోసం ఆపారు, మీరు వెళ్ళే నాటికి ఏవి నడుస్తున్నాయో చూసుకోండి.

6. తిండి

హోటల్లో కూర్చోగానే బ్రెడ్డు, ఆలివ్‌లు, చీజ్ అడక్కుండానే తెచ్చి పెడతారు. మన దగ్గర ఉల్లిపాయ ముక్కల్లా ఫ్రీ కాదు, ముట్టుకుంటే బిల్లులో పడుతుంది, వద్దంటే ఏమీ అనుకోకుండా తీసుకెళ్ళిపోతారు. శాకాహారులు 'సెమ్ కార్న్, సెమ్ పెయిష్' అని చెప్పండి, మాంసం వద్దు చేప వద్దు అని. ఆకుపచ్చ సూప్ కల్దు వెర్ద్ చూసి శాకాహారమే అనుకోవద్దు, అందులో సాసేజ్ ముక్క వేస్తారు. కాఫీ కొట్లలో చమూసాలు కనిపిస్తాయి, గోవా దారిలో వెళ్ళిన మన సమోసాలే, కానీ ఎక్కువగా లోపల మాంసం ఉంటుంది, అడిగి తీసుకోండి. అన్నం, పప్పు లేకపోతే ఉండలేని పెద్దవాళ్ళుంటే మర్తీం మొనీజ్ చుట్టుపక్కల ఇండియన్, నేపాలీ, బంగ్లాదేశీ హోటళ్ళు, కిరాణా కొట్లు వరసగా ఉన్నాయి, కరివేపాకు, పచ్చిమిర్చి కూడా దొరుకుతాయి. కుళాయి నీళ్ళు తాగొచ్చు, సీసాలు కొనక్కర్లేదు.

7. మూడో రోజు కొత్త ఊరు

ఇక్కడ మీ అమ్మానాన్నలు ఊపిరి పీల్చుకుంటారు, మెట్లు లేవు, నది వెంట కిలోమీటర్ల కొద్దీ చదును, వీల్‌చెయిర్, పిల్లల బండి హాయిగా వెళ్తాయి. పార్క్ దాస్ నసోయిస్ ఒకప్పుడు చమురు శుద్ధి కర్మాగారం, గోదాములు, చెత్తకుప్పలు ఉన్న చోటు. 1998లో సముద్రాల మీద ప్రపంచ ప్రదర్శన పెట్టడం కోసం అంతా శుభ్రం చేసి కొత్త పేట లేపారు, ప్రదర్శన అయిపోయాక పాడుపెట్టకుండా ఇళ్ళు, ఆఫీసులు, పార్కులు చేసి ఊళ్ళో కలిపేశారు. అందుకే పాతది చూసి వెళ్ళిపోకుండా ఇది కూడా చూడమని గట్టిగా చెప్తున్నాను, 1755 తర్వాత ఊరిని మళ్ళీ గీసుకున్నవాళ్ళు 1998లో ఇంకోసారి గీసుకున్నారు.

రెడ్ లైన్‌లో ఓరియెంట్ స్టేషన్‌లో దిగండి, దిగగానే పైకి పరిగెత్తకండి. ప్లాట్‌ఫారం గోడల మీద ప్రపంచంలోని పెద్ద చిత్రకారులు చేసిన పలకల బొమ్మలున్నాయి, జపాన్ కుసామా, ఆస్ట్రియా హుండర్ట్‌వాసర్, మన సయ్యద్ హైదర్ రజా కూడా. రెండు ప్లాట్‌ఫారాలూ తిరిగి వెతుక్కోండి. రజా పేరు లిస్బన్ మెట్రో గోడ మీద చూస్తే కలిగే సంతోషం వేరు. పైకొస్తే రైల్వే స్టేషన్ కప్పు, ఉక్కు, గాజుతో తాటిచెట్ల తోపులా ఉంటుంది, స్పెయిన్ ఆర్కిటెక్ట్ కలాత్రావా కట్టింది. చూడ్డానికి అద్భుతం, వానా గాలీ ఉన్న రోజు మాత్రం ప్లాట్‌ఫారం మీద తడుస్తారు, కోటు దగ్గరుంచుకోండి.

ఎదురుగా మాల్ లోంచి నది వైపు బయటపడండి, గాజు కప్పు మీద నీళ్ళు పారుతుంటాయి, తలెత్తి చూడండి. తర్వాత నేరుగా ఓషనేరియం. టికెట్ 25 యూరోల చుట్టుపక్కల, ఖరీదే, అయినా ఈ ట్రిప్ మొత్తంలో డబ్బు పెట్టదగ్గ చోటు ఇదే. మధ్యలో 50 లక్షల లీటర్ల ఒకే తొట్టి, రెండు అంతస్తుల్లో చుట్టూ తిరుగుతూ చూడొచ్చు, సొరచేపలు, తిరగలి రాయంత చదునైన రే చేపలు, తలకాయ ఒక్కటే ఈదుతున్నట్టుండే సన్‌ఫిష్. పొద్దున తెరవగానే గానీ నాలుగు తర్వాత గానీ వెళ్ళండి, మధ్యలో స్కూల్ పిల్లల గుంపులుంటాయి.

పోర్చుగల్ పెవిలియన్ దగ్గర తప్పకుండా ఆగండి. అల్వరు సీజా వియేరా డిజైన్. రెండు పెద్ద గోడల మధ్య కాంక్రీటు కప్పు, పందిట్లో కట్టిన బట్ట బరువుకి కిందకి జారినట్టు వేలాడుతూ ఉంటుంది, మందం 20 సెంటీమీటర్లే, మధ్యలో ఒక్క స్తంభం లేదు. సరిగ్గా కింద నిలబడి పక్క అంచుకి నడవండి, అక్కడ కాంక్రీటు ఆగిపోయి లోపలి ఉక్కు తీగలు బయటపడి కనిపిస్తాయి, ఆ బరువంతా మోస్తున్నది అవే.

అక్కడి నుంచి పిల్లల్ని పలకల అగ్నిపర్వతాల దగ్గరికి తీసుకెళ్ళండి, శంకువులా ఉన్న ఫౌంటెన్లు, నిశ్శబ్దంగా ఉండి ఉన్నట్టుండి నీళ్ళు ఎగజిమ్ముతాయి. కేబుల్ కార్ ఎక్కితే నది మీదుగా ఉత్తరం వైపు కిలోమీటరు పైన వెళ్తుంది, ఒకవైపు టికెట్ తీసుకుని వెనక్కి నడిచి రండి, రెండు వైపులా అవసరం లేదు. దిగాక ఇంకాస్త ముందుకి వెళ్తే వాస్కో డ గామా వంతెన, 1998లోనే తెరిచారు, పొడవు పది కిలోమీటర్లకి పైనే, పొగమంచు రోజుల్లో అవతలి కొస కనిపించదు. దక్షిణం చివర పాత శుద్ధి కర్మాగారం టవర్ ఒక్కటి గుర్తుగా ఉంచారు, ఓపిక ఉంటే అటూ నడవండి.

ఈ పేట మూడో రోజుకి పెట్టడానికి ఇంకో కారణం, ఓరియెంట్ నుంచి ఎయిర్‌పోర్ట్‌కి మెట్రోలో మూడే స్టేషన్లు. సాయంత్రం ఫ్లైట్ ఉన్నవాళ్ళు లగేజ్ హోటల్లో వదలకుండా వెంట తెచ్చుకుని లాకర్‌లో పెట్టుకునే వీలుందేమో ముందే కనుక్కోండి, ఉంటే ఊరి మధ్యకి మళ్ళీ వెళ్ళే పని తప్పుతుంది. లిస్బన్ మీదుగా బ్రెజిల్‌కో అమెరికాకో వెళ్తూ ఏడెనిమిది గంటలు ఆగాల్సి వచ్చినవాళ్ళు, షెంగెన్ వీసా చేతిలో ఉంటే, ఆల్ఫామాకి పరిగెత్తకుండా ఈ ఒక్క పేట చూసుకుని ఫ్లైట్‌కి రెండున్నర గంటల ముందు మెట్రో ఎక్కేయండి.